ఎదురు నడక

ఐలయ్య ఒంట్లో చక్కెర చేరి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ దాన్ని అతను దూరపు చుట్టంలాగే చూశాడు. గుర్తొచ్చిన రోజు మాత్ర వేసుకున్నాడు, మరిచిపోయిన రోజు మానేశాడు. ఈ వానాకాలంలో కుడికాలి చిటికెనవేలికి చెప్పు ఒరుసుకుని పుండు పడింది. గోరంత పుండు. మానడానికి మూడు నెలలు పట్టింది.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈసారికి దక్కింది ఐలయ్యా. ఇంకోసారి ఇట్ల వస్తే వేలు ఉంచుడు నాతో కాదు. ఒళ్లు కదిలించు. నడువు, లేకుంటే సైకిల్ తొక్కు" అన్నాడు.

ఐలయ్య తండ్రి కాలు ఇదే దారిన పోయింది. మొదట వేలు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా. చివరి నాలుగేళ్లు ఆయన మంచం మీద కూర్చుని, లేని కాలు దురద పెడుతున్నదని ఏడ్చేవాడు. గోకుదామంటే అక్కడ కాలు లేదు. డాక్టరు మాట వినగానే ఐలయ్యకు ఆ దురద గుర్తొచ్చింది. ఇంటికి వచ్చేదాకా కాలు గోక్కుంటూనే ఉన్నాడు.

అయితే సైకిల్ అన్న మాటకు లోపల కొంచెం గర్వం కూడా లేచింది. సైకిల్ అతనికి కొత్త కాదు. గుండారం కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరిన రోజుల్లో భుజాన తాడుచుట్ట, వెనక క్యారియర్ మీద పనిముట్ల సంచి పెట్టుకుని రోజుకు పది ఊళ్లు తిరిగేవాడు. ఆదివారం సెలవు. ఆ రోజు కూడా సైకిల్ దిగేవాడు కాదు. పన్నెండు కిలోమీటర్ల అవతల పోతారంలో అతని గురువు ఉన్నాడు. తత్వాలు పాడుకుంటూ ముప్పావుగంటలో ఆయన గడపలో దిగేవాడు, చేతి గడియారం చూసుకుని మరీ.

ఆ దారిలో మొండిగుట్ట ఎత్తు ఉంది. అక్కడ అందరూ దిగి సైకిల్ తోసుకుంటూ ఎక్కేవాళ్లు. ఐలయ్య దిగేవాడు కాదు. పైగా దిగినవాళ్లను దాటిపోతూ, "ఏందే, సైకిల్‌ను మేతకు తోల్కపోతున్నవా?" అని అరిచేవాడు. ఆ మాట పుట్టించింది అతనే. తర్వాత అది ఆ దారిలో అందరి నోటా పడింది.

మోటారుసైకిల్ కొన్నాక ఆ సైకిల్ అటకెక్కింది. పద్దెనిమిదేళ్లు అక్కడే ఉంది.

దాన్ని దింపి, దుమ్ము తుడిచి, కొత్త ట్యూబులు వేయించాడు. ఆదివారం పొద్దున గడియారం పెట్టుకుని పోతారానికి బయలుదేరాడు. ముప్పావుగంట లెక్క మనసులో ఉంది. మొండిగుట్ట కింద సబ్‌స్టేషన్, దానికెదురుగా చాయ్ కొట్టు, కొట్టు ముందు తనతో పనిచేసే మల్లేశం, ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ల ముందు దిగడం ఎట్లా? దిగలేదు. సగం ఎత్తులో కళ్లు చీకట్లు కమ్మి, సైకిల్‌తో సహా పక్కనున్న తుమ్మపొదలో పడ్డాడు. ఉల్లిగడ్డల బస్తాలు వేసుకొస్తున్న ట్రాలీ ఆటో అతన్నీ సైకిల్‌నూ ఇంటికి చేర్చింది.

"సైకిల్ మీద మనిషి ఎక్కుడు చూసిన. సైకిలే ఆటో ఎక్కుడు ఇదే చూసుడు, ఐలన్నా" అన్నాడు మల్లేశం.

నాలుగు రోజులు మంచం దిగలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ అదే దారి, అదే గడియారం, అదే ఎత్తు. ఈసారి పడలేదు గాని మోకాలు బూరెలాగా వాచింది. పది రోజులు కుంటుతూ గడిపాడు. ఆ పది రోజుల్లో మంచం మీద కూర్చుని ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. బీరువా అడుగున దాచిన పాత ఖాకీ ప్యాంటు ఒకటి తీశాడు. కొత్త ఖాకీ బట్ట కొన్నాడు. రెండూ సంచిలో పెట్టుకుని మోటారుసైకిల్ మీద పోతారం పోయాడు.

అతని గురువు అనంతయ్య అచల తత్వం బోధించే గురువు. మఠం లేదు, కాషాయం లేదు. బజారులో ఒక రేకుల కొట్టు, అందులో కాలితో తొక్కే కుట్టుమిషను. వయసు డెబ్బై నాలుగు. ఆదివారం శిష్యులు వచ్చి చుట్టూ కూర్చుని తత్వాలు పాడుతుంటే ఆయన మిషను తొక్కుతూనే వినేవాడు. "యాభై ఏండ్ల సంది తొక్కుతున్న, ఊరి పొలిమేర దాటలే" అని తన మీద తానే నవ్వుకునేవాడు. ఆయన భార్య రాజవ్వ పక్కనే కూర్చుని గుండీల కాజాలు కుట్టేది.

"అయ్యా, రెండు ప్యాంట్లు కుట్టాలె" అని ఐలయ్య సంచి ఆయన ముందు పెట్టాడు.

అనంతయ్య బట్టను పక్కన పెట్టి పాత ప్యాంటు చేతిలోకి తీసుకున్నాడు. నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకుని సాగదీసి చూశాడు.

"ఇదేంది?"

"ఆది అయ్యా. గీ కొలతకే కుట్టాలె."

"ఎవరి ఆది?"

"నాదే. కొలువుల చేరిన కొత్తల మీరే కుట్టిండ్రు."

"కుట్టు నాదే. గుర్తువట్టిన." ప్యాంటును ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "మరి గీ మనిషి ఏడి? తోల్కరా, కొలుస్త."

రాజవ్వ సూది ఆపి నవ్వింది. ఐలయ్య నవ్వలేదు. "ఎగతాళి కాదయ్యా. ఒట్టు పెట్టుకున్న. గీ ప్యాంట్లు మంచం ఎదురుంగ తలిగేస్త. పొద్దున లేస్తె అవే కండ్లవడాలె. అవి నా నడుముకు పట్టేదాక మీ గడప తొక్క. నేను ఎప్పటిలెక్క కావాలె."

"ఎప్పటి లెక్క?"

"అదే... ఎప్పటిలెక్క."

"ఎప్పటి లెక్క బిడ్డా? ఏ ఏటిది?"

ఐలయ్య పాత ప్యాంటు వైపు చెయ్యి చూపాడు.

అనంతయ్య పాత ప్యాంటును మడత పెట్టాడు. "బట్ట కుట్టేటోనికి ఆది అంటె ఇయ్యాల మనిషి తొడుక్కుని ఇప్పింది. ఇది ఆది కాదు. కుబుసం." మడతను మిషను కింద పెట్టి, మెడలోని టేపు తీసి లేచాడు. "నిలవడు."

ఐలయ్య నిలబడ్డాడు. టేపు నడుము చుట్టూ రాగానే ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి గుంజాడు. అనంతయ్య టేపు రెండు కొసలు పట్టుకుని అట్లాగే ఆగాడు. తొందర పెట్టలేదు. బజారులో ఒక ఎడ్లబండి వచ్చింది, వెళ్లింది. ఐలయ్య ముఖం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి.

"ఆపినంత సేపు మంచిగనే ఉన్నవు కొడుకా. ఇగ ఊపిరి ఇడువు, సచ్చిపోతవు" అంది రాజవ్వ.

ఊపిరి వదిలాడు. కడుపు టేపు మీదికి వచ్చి కూర్చుంది.

"నలభై రెండు" అన్నాడు అనంతయ్య. సున్నంముక్కతో బట్ట అంచున రాసుకున్నాడు. ఆ గొంతులో మంచీ లేదు, చెడూ లేదు. అది ఆ రోజు కొలత, అంతే.

"వచ్చే ఆదివారం తయారుంటయి. సైకిల్ మీద వచ్చి తీస్కపో."

"సైకిల్ మీద రాలేకనే గదయ్యా గీ గోస అంత!"

"ఏడి దాక రాగలవు?"

"ఏమో."

"ఏడి దాక వస్తె ఆడి దాక రా. పొద్దుపొడువంగ నువ్వు ఆడ బయలెల్లు, నేను ఈడ బయలెల్లుత. నువ్వు ఆగిన కాడ నీ ప్యాంట్లు నీకిస్త."

ఐలయ్య అది మాటవరసకు అన్నదనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సూర్యుడు పొడుస్తుండగా గుండారంలో సైకిల్ ఎక్కాడు. పాత అలవాటు కాళ్లలో ఉంది, కాళ్లలో బలం లేదు. మొదటి కిలోమీటరు ఎగిరినట్టే పోయింది. రెండోది బరువైంది. మూడో కిలోమీటరు దగ్గర పెద్దమోరి అనే కల్వర్టు వచ్చేసరికి రొమ్ము కొట్టుకునే చప్పుడు చెవుల్లో వినపడింది. దిగి మోరీ గోడ మీద కూర్చున్నాడు. ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. ఒక పాలవాడు దాటిపోయాడు, ఒక బస్సు దాటిపోయింది. వెనక్కి పోదామని రెండుసార్లు లేచాడు. గురువు ఎవరి బండి మీదనైనా వస్తాడేమో, వచ్చి తను లేకపోతే ఏం బాగుంటుందని రెండుసార్లూ కూర్చున్నాడు. ఎండ ముదిరింది.

దాదాపు ఎనిమిదిన్నరకు రోడ్డు మలుపులో తెల్లగా ఏదో కదిలింది. పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, చంకలో కాగితపు పొట్లం పెట్టుకుని, అడుగులో అడుగేస్తూ అనంతయ్య వస్తున్నాడు.

ఐలయ్య గోడ మీంచి దిగి ఉరికాడు. "అయ్యా! నడిచి వచ్చిండ్రా? తొమ్మిది కిలోమీటర్లు నడిచిండ్రా?"

"నువ్వు మూడు వస్తివి. మిగిలింది తొమ్మిదే గద."

ఆయన పాదాలు దుమ్ములో తెల్లబడి ఉన్నాయి. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. ఐలయ్య వాటిని చూసి ఏడుపు ముఖం పెట్టాడు. "కాళ్లు వాచినయి అయ్యా."

"కూసోని కూసోని వాచినయి. కొత్తగ వాచినయి కావు." అనంతయ్య పొట్లం విప్పాడు. నలభై రెండు ఇంచుల ఖాకీ ప్యాంట్లు రెండు. వాటితో పాటు సైకిల్ సీటుకు వేసే తొడుగు ఒకటి. వెలిసిపోయిన ఖాకీ బట్ట, లోపల మెత్తగా పీలికలు నింపి కుట్టాడు.

ఐలయ్య దాన్ని తిప్పి చూశాడు. బట్టను గుర్తుపట్టాడు. "అయ్యా, ఇది నా ఆది గద!"

"దాని మీద కూసోని తొక్కు. మెత్తగుంటది."

అంతలో పోతారం బస్సు వచ్చింది. అనంతయ్య చెయ్యి ఎత్తి ఆపి ఎక్కాడు. "వచ్చే ఆదివారం గూడ పొద్దుపొడువంగనే బయలెల్లుత" అని కిటికీలోంచి అన్నాడు.

ఆ వారం ఐలయ్యకు అన్నం సయించలేదు. తను ఆగిన ప్రతి కిలోమీటరూ ఆ ముసలి కాళ్లు నడవాలి. ఇంత సిగ్గు అతను చాయ్ కొట్టు ముందు కూడా పడలేదు. రెండో ఆదివారం బతికినా చచ్చినా పోతారం దాకా పోవాలని సైకిల్ ఎక్కాడు. ఇంటి గడపలోనే తత్వం ఎత్తుకున్నాడు. ఇటుకబట్టీ దాటాక తల వంచి, పళ్లు బిగించి తొక్కాడు. సబ్‌స్టేషన్ దాటాడు. చాయ్ కొట్టు వైపు చూడలేదు. మొండిగుట్ట సగం ఎక్కాడు. ఆ తర్వాత అతనికి తెలిసింది రోడ్డు పక్కన ఎర్రమట్టి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నానని.

అనంతయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. గుట్ట అవతలి నుంచి ఎక్కి వచ్చాడు. ఆయన కూడా రొప్పుతున్నాడు. ఇద్దరి ఊపిరీ దారికి రావడానికి కాసేపు పట్టింది.

"చూసిండ్రా అయ్యా, ఎనిమిదిన్నర కిలోమీటర్లు వచ్చిన" అన్నాడు ఐలయ్య పడుకునే.

"పాట పాడుకుంట వచ్చినవా?"

"ఇంటి కాడ ఎత్తుకున్న."

"ఏడ తెగింది?"

ఐలయ్య ఆలోచించాడు. గుర్తురాలేదు.

"లే. చూద్దం పా."

అనంతయ్య గుట్ట దిగసాగాడు, గుండారం వైపు. ఐలయ్య లేచి, సైకిల్ పట్టుకుని వెనక నడిచాడు. చాయ్ కొట్టు ముందు మల్లేశం ఏదో అనబోయి, ముసలాయనను చూసి లేచి దండం పెట్టి ఊరుకున్నాడు. సబ్‌స్టేషన్ దగ్గర అనంతయ్య ఆగాడు.

"ఈడ పాట ఉన్నదా?"

"లేదయ్యా."

పశువుల దవాఖాన దగ్గర మళ్లీ ఆగాడు. "ఈడ?"

"లేదు."

ఎండ నెత్తికెక్కుతోంది. నాలుగున్నర కిలోమీటర్లు వెనక్కి నడిచారు. ఇటుకబట్టీ వచ్చింది. ఇసుక మీద ఆరబెట్టిన పచ్చి ఇటుకలు వరసగా ఉన్నాయి. ఐలయ్య తనంతట తానే ఆగాడు.

"ఈడ తెగింది. ఈడ దాక పాడుకుంటనే వచ్చిన. మిమ్ముల నడిపియ్యొద్దని ఈడికెల్లి ఉరికిచ్చిన."

అనంతయ్య బట్టీ పక్కన పడి ఉన్న ఒక విరిగిన ఇటుక తెచ్చి రోడ్డు అంచున నిలబెట్టాడు.

"నువ్వు వచ్చింది ఈడి దాక. అవుతలికి వచ్చింది నీ పంతం. నీ కోసమైతె తొమ్మిది కాదు, పదకొండు నడుస్త. నీ పంతం కోసం ఒక్క అడుగు గూడ వెయ్య."

ఐలయ్య వంగి, ఒరుగుతున్న ఇటుకను సరిగా నిలబెట్టాడు.

"పాట తెగిన కాడ దిగు. నడిస్తె పాట మల్ల దొరుకుతది. దొరికినంక ఎక్కు. గంతే" అన్నాడు అనంతయ్య.

ఆ రోజు నుంచి ఐలయ్య గడియారం పెట్టుకోవడం మానేశాడు. రోజూ పొద్దున డ్యూటీకి ముందు ఇటుకబట్టీ దాకా పోయి వచ్చేవాడు. ముందు నోరు కదిలేది, తర్వాత కాళ్లు. గొంతు బాగుండేది కాదు. బట్టీలో పనిచేసే ఆడవాళ్లు "వచ్చిండమ్మా పాటలాయన" అని నవ్వేవాళ్లు. ఒకామె అయితే ఒక రోజు, "అన్నా, నిన్న ఆ మూడో మాట తప్పు పాడినవు" అని దిద్దింది. వాళ్ల ఊళ్లో కూడా ఆ తత్వం పాడతారట.

అబద్ధమాడటానికి ఎంతో వీలుంది. ఆదివారం పాట ఎక్కడ తెగిందో చూసేవాళ్లెవరూ లేరు. మూడో ఆదివారం అతను ఇటుకబట్టీకి ఒక ఫర్లాంగు అవతల ఆగాడు. ఇంకో రెండు ఫర్లాంగులు పళ్లు బిగించి పోగలడు. పోలేదు. చింతచెట్టు కింద కూర్చుని ఎదురుచూశాడు. అనంతయ్య వచ్చాడు, మంచినీళ్లు తాగాడు, బస్సెక్కి పోయాడు. ఒక ఫర్లాంగు తక్కువ నడిచానని ఆయన అనలేదు. ఐలయ్య ఆ ఫర్లాంగును మాత్రం వారమంతా తలుచుకున్నాడు.

ఇట్లా ఆదివారాలు నడిచాయి. పశువుల దవాఖాన దాకా ఒక నెల. అక్కడ ఒక వర్షం వారం, ఒక జ్వరం వారం. ఆ తర్వాత దవాఖాన దాటి జొన్నచేల దాకా. ఒక ఆదివారం రోడ్డు పక్కన నిలబడి ఐలయ్య ప్యాంటు పైకి గుంజుకుంటుంటే అనంతయ్య చూశాడు. చొక్కా కాలరుకు గుచ్చుకున్న సూది తీశాడు. "ఇటు తిరుగు" అని వెనక నడుము దగ్గర అప్పటికప్పుడు అర ఇంచు లోపలికి మడిచి కుట్టాడు. దారం పంటితో తెంపాడు. ఎంత తగ్గావో చెప్పలేదు, మెచ్చుకోలేదు.

నాలుగో నెలలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఏం చేస్తున్నవు?" అని అడిగాడు.

"పాడుతున్న సార్" అన్నాడు ఐలయ్య.

మొండిగుట్ట మాత్రం అట్లాగే నిలబడి ఉంది. సబ్‌స్టేషన్ దాకా పాట తెగకుండా వచ్చిన ఆదివారం ఐలయ్య ఎత్తు మొదట్లో ఒక్క క్షణం ఆగి పైకి చూశాడు. చాయ్ కొట్టు ముందు మల్లేశం బృందమంతా ఉంది. చేతుల్లో గ్లాసులు, కళ్లు ఇటువైపు. ఐలయ్య పాడుతూ ఎక్కాడు. రెండో కరెంటు స్తంభం దాటాడు. మూడో స్తంభం దగ్గర ఒక మాట మధ్యలో గొంతు విరిగింది.

కాళ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఇంకో నాలుగు స్తంభాలు పోగలడు. ఆనాడు పడ్డ తుమ్మపొద అక్కడే. వెనక కొట్టు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. వాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారని అతని వీపుకు తెలిసింది. ముప్పై ఏళ్లుగా ఈ ఎత్తులో అతను నేల మీద కాలు పెట్టలేదు. పడ్డాడు గాని దిగలేదు.

బ్రేకు పట్టాడు. కాలు కింద పెట్టాడు. సీటు మీంచి దిగి, హ్యాండిల్ పట్టుకుని తోయడం మొదలుపెట్టాడు.

కింద నుంచి రానే వచ్చింది, మల్లేశం గొంతు. ఎన్నేళ్లుగా దాచుకున్నాడో, గుట్ట ప్రతిధ్వనించేలా వదిలాడు. "ఏందే ఐలన్నా! సైకిల్‌ను మేతకు తోల్కపోతున్నవా?"

చాయ్ కొట్టు అంతా ఘొల్లుమంది. ఐలయ్య చెవులు మండాయి. తను దాటిపోయిన ముఖాలు కొన్ని కళ్ల ముందు కదిలాయి. బియ్యం మూట వెనక కట్టుకుని తోసుకుంటూ ఎక్కిన ఒక ముసలామె, జ్వరంతో బడికి పోయే ఒక పంతులు. వాళ్లెవరూ అప్పుడు తిరిగి ఒక్క మాట అనలేదు.

అతను తిరిగి చూశాడు. "అవునే, మేతకే! గుట్ట మీద గడ్డి మంచిగున్నదట. నువ్వు గూడ రా, నీ పొట్టకు సరిపోతది!"

నవ్వు ఈసారి మల్లేశం వైపు తిరిగింది. మల్లేశం కూడా నవ్వాడు, పొట్ట మీద చెయ్యి వేసుకుని. ఐలయ్య తోసుకుంటూ నడిచాడు. పది అడుగులు వేశాక గొంతు దానంతట అదే తెరుచుకుంది. విరిగిన మాట దగ్గరే పాట మళ్లీ అందింది. ఎక్కలేదు. ఆ ఎత్తంతా పాడుతూ నడిచాడు.

గుట్ట మీద అనంతయ్య అప్పుడే వచ్చి ఒక బండ మీద కూర్చున్నాడు.

"తెగిందా?"

"తెగిందయ్యా. దిగిన. దొరికింది."

అనంతయ్య పక్కకు జరిగి బండ మీద చోటిచ్చాడు. ఇద్దరూ పోతారం వైపు చూస్తూ కూర్చున్నారు. గుట్ట దాటితే అంతా వాలే. ఊరి రేకుల కప్పులు ఎండకు మెరుస్తూ కనిపిస్తున్నాయి.

ఇంటికి వచ్చేటప్పుడే ఐలయ్య మనసులో ఒకటి అనుకున్నాడు. భార్యకు కూడా చెప్పలేదు. వచ్చే ఆదివారం గురువు రోడ్డు మీద అడుగు పెట్టకూడదు. ఇన్ని నెలలు నడిపించింది చాలు. పొద్దు పొడిచేసరికి ఆయన గడపలో తనుండాలి. పంతం పట్టి ఉరికించడం కాదు. ముందే లేవడం.

ఆదివారం కోడి కూయకముందే బయలుదేరాడు. టార్చిలైటు హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. బట్టీ దగ్గర ఇంకా ఎవరూ లేవలేదు, అతని పాటకు ఒక కుక్క మాత్రం లేచి కొంతదూరం వెంట వచ్చింది. మొండిగుట్ట దగ్గర దిగాడు, నడిచాడు, దిగువకు వచ్చేటప్పుడు చల్లగాలి ముఖాన కొట్టింది. కాళ్లు తిప్పకుండానే సైకిల్ పరుగెత్తుతుంటే చిన్నపిల్లవాడిలాగా నవ్వొచ్చింది. పోతారం బజారులో ఇళ్ల ముందు కళ్లాపి చల్లుతున్నారు. తూర్పున ఎరుపు తేలుతోంది.

రేకుల కొట్టు గడపలో అనంతయ్య ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండో చెప్పు కోసం వంగుతున్నాడు.

ఐలయ్య స్టాండు వేసి పోయి ఆయన పాదాలకు మొక్కాడు. లేచి నిలబడితే ఊపిరి నెమ్మదిగా ఉంది. రాజవ్వ చీపురు పక్కన పెట్టి, చేటంత మొహం చేసుకుని చూసింది.

"ఓ అయ్యో, నీ శిష్యుడు ఇంటి దాకనే వచ్చిండు! ఇగ నీ కాళ్లకు సెలవే. ఇంకోటి కొడుకా, నీకు చెప్పలే గని, గీయన మోకాళ్ల నొప్పి గూడ పోయింది. నిన్న నిచ్చెన ఎక్కి రేకులు సదిరిండు."

ఐలయ్య చేతులు జోడించాడు. "అయ్యా, ఇయ్యాల మీరు నడిచే పనిలేదు. నేను వచ్చేసిన."

అనంతయ్య అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు, టేపు లేకుండానే కొలిచినట్టు. ఆ తర్వాత వంగి రెండో చెప్పు కూడా తొడుక్కున్నాడు. పంచె ఎగగట్టాడు. గడప దిగి రోడ్డు మీదికి నడిచాడు.

"ఎటు అయ్యా?" ఐలయ్య తడబడ్డాడు. "నేను వచ్చిన గద!"

అనంతయ్య ఆగి, వెనక్కి తిరిగాడు.

"నువ్వు వచ్చినవు బిడ్డా. నేను పోవద్దా?"

ఆయన మళ్లీ నడిచాడు. ఐలయ్య స్టాండు తీసి, సైకిల్‌ను వచ్చిన దారి వైపు తిప్పాడు. ఎక్కలేదు. గురువు పక్కన నడిచాడు.